అమెరికాలో టాప్.. కువైట్‌లో చాకిరీ.. రొయ్యల గుంట దగ్గర అడ్వాన్సు బతుకు: ఒకే మండలం మనుషుల మధ్య ఇంత తేడా ఎందుకు?

చేజర్ల, ఆత్మకూరు, మర్రిపాడు, ఉదయగిరి, వింజమూరు.. నెల్లూరు జిల్లా పడమటి మెట్టలో ఏ ఊళ్లో అడిగినా ఎవరో ఒకరు బయటే ఉంటారు. ఒకింటి అబ్బాయి డాలస్‌లో సాఫ్ట్‌వేర్. పక్క వీధి ఆయన కువైట్‌లో డ్రైవర్. ఊరి చివర కాలనీలో ఉండే యానాది కుటుంబం మాత్రం రొయ్యల గుంటల కాపలాకో, జామాయిల్ నరకడానికో పిల్లాజెల్లాతో తూర్పుకి వెళ్లిపోయి ఉంటుంది.

ముగ్గురూ ఊరు వదిలినవాళ్లే. ముగ్గురూ కష్టపడేవాళ్లే. ఆ మాటకొస్తే ఒళ్లు హూనం చేసుకునేది రెండోవాడు, మూడోవాడే. కానీ పదేళ్ల తర్వాత చూస్తే ఒకరు అక్కడ ఇల్లు కొనుక్కుంటారు, ఒకరు ఇక్కడ ఇల్లు కట్టుకుంటారు, మూడో కుటుంబం ఇంకా పాత అప్పు తీరుస్తూనే ఉంటుంది. ఎందుకిలా?

'తెలివి', 'అదృష్టం', 'వాళ్ల జాతే అంత'.. రచ్చబండ దగ్గర వినిపించే సమాధానాలు ఇవే. లెక్కలు చూస్తే మాత్రం కథ వేరేగా ఉంది.

ముందు అమెరికా సంగతి

అమెరికాలో ఏ దేశం నుంచి వచ్చినవాళ్లు ఎంత సంపాదిస్తున్నారో ప్యూ రీసెర్చ్ సెంటర్ అక్కడి ప్రభుత్వ లెక్కల ఆధారంగా చెప్పింది. 2019లో భారతీయ కుటుంబాల మధ్యస్థ ఆదాయం ఏడాదికి 1,19,000 డాలర్లు. మధ్యస్థం అంటే సగం కుటుంబాలు అంతకంటే పైన, సగం కింద. ఆసియా దేశాల వాళ్లందరినీ కలిపితే 85,800 డాలర్లు. బర్మా (మయన్మార్) నుంచి వచ్చిన కుటుంబాలకు 44,400 డాలర్లు మాత్రమే. అంటే మనవాళ్లలో సగం కూడా లేదు.

మరి బర్మావాళ్లు సోమరులా? కానే కాదు. అక్కడికి చేరిన బర్మావాళ్లలో చాలామంది కరెన్, చిన్, రోహింగ్యా లాంటి తెగలవాళ్లు. సైన్యం ఊళ్లు తగలబెడితే పారిపోయి, ఏళ్ల తరబడి శరణార్థి శిబిరాల్లో ఉండి, చేతిలో సర్టిఫికెట్ లేకుండా విమానం ఎక్కినవాళ్లు. మనవాళ్లు డిగ్రీ పట్టుకుని, ఉద్యోగం లెటర్ పట్టుకుని, లేదంటే యూనివర్సిటీ సీటు పట్టుకుని వెళ్లినవాళ్లు. అమెరికాలో 25 ఏళ్లు దాటిన భారతీయుల్లో నూటికి 75 మందికి డిగ్రీ ఉంది. అమెరికా మొత్తం మీద చూస్తే నూటికి 33 మందికే. మరి మన దేశంలో నూటికి 75 మంది డిగ్రీ చదివారా? అందులో సగం కూడా లేరు. అంటే అమెరికా చేరింది 'భారతదేశం' కాదు. భారతదేశంలోంచి జల్లెడ పట్టి ఏరిన ఒక ముక్క.

ఆ జల్లెడ ఒక్కసారి పట్టింది కాదు. మొదట మన సమాజమే పట్టింది: ఎవరికి భూమి ఉంది, ఎవరింట్లో ముందు తరంలో చదువుకున్నవాళ్లున్నారు అని. తర్వాత ఎంసెట్ లాంటి పరీక్షలు పట్టాయి. చివర్లో అమెరికా వీసా పట్టింది. 1965లో అమెరికా వలస చట్టం మార్చి ఆసియా వాళ్లకు తలుపు తెరిచింది, 1990 చట్టంతో హెచ్‌-1బీ వచ్చింది. ఆ వీసాల్లో ఇప్పుడు పదింట ఏడుకు పైగా భారతీయులకే దక్కుతున్నాయి. దేవేశ్ కపూర్, సంజయ్ చక్రవర్తి, నిర్వికార్ సింగ్ 2016లో రాసిన 'ది అదర్ వన్ పర్సెంట్' పుస్తకం అంతా ఈ జల్లెడ గురించే.

ఇక్కడ ఒక మాట చెప్పుకోవాలి. ఆంధ్రప్రదేశ్‌లో 2007-08 తర్వాత ఫీజు రీయింబర్స్‌మెంట్ వచ్చాక ఈ జల్లెడ కన్నాలు కొంచెం పెద్దవయ్యాయి. అంతకుముందు ఇంజినీరింగ్ గడప తొక్కని బీసీ, ఎస్సీ, ముస్లిం ఇళ్ల పిల్లలు చదివారు, కొందరు విమానం ఎక్కారు. అమెరికాలో ఇంట్లో తెలుగు మాట్లాడేవాళ్ల సంఖ్య 2010 నుంచి 2017 మధ్య 86 శాతం పెరిగి 4 లక్షలు దాటడం వెనక ఈ కాలేజీల పాత్ర చిన్నదేం కాదు.

అలాగని అక్కడున్న ప్రతి తెలుగువాడూ లక్షాధికారి అనుకుంటే పొరపాటే. అదే 2019 లెక్కల్లో భారతీయుల్లో నూటికి ఆరుగురు పేదరికంలో ఉన్నారు. గ్రీన్‌కార్డుల్లో ఒక్కో దేశానికి 7 శాతం పరిమితి ఉండటంతో లక్షల మంది ఏళ్లకేళ్లు క్యూలోనే ఉన్నారు. 2025 సెప్టెంబరులో కొత్త హెచ్‌-1బీ దరఖాస్తులకు లక్ష డాలర్ల ఫీజు అని ట్రంప్ ప్రకటించడంతో ఇక్కడ ఎంతమంది తల్లిదండ్రులకు నిద్ర పట్టలేదో చెప్పక్కర్లేదు. తలుపు వాళ్లు తెరిచిందే కదా, మూసే తాళం కూడా వాళ్ల దగ్గరే ఉంటుంది.

వందేళ్ల కిందట రంగూన్‌లో సీన్ రివర్స్

'మన తెలుగోళ్లు ఎక్కడికెళ్లినా పైకొస్తారు' అనే మాట వాట్సాప్‌లో బాగా తిరుగుతుంది. అలా అనుకునేవాళ్లు ఒక్కసారి రంగూన్ కథ వినాలి.

బ్రిటిష్ వాళ్ల కాలంలో బర్మా అంటే మనవాళ్లకి ఇప్పటి గల్ఫ్ లాంటిది. కోరంగి, కాకినాడ, విశాఖ రేవుల నుంచి ఓడలెక్కి లక్షల మంది తెలుగువాళ్లు వెళ్లారు. అక్కడ వాళ్లను 'కోరంగీలు' అనే పిలిచేవాళ్లు. ఓడల్లో బస్తాలు మోయడం, బియ్యం మిల్లుల్లో కూలి, రిక్షా లాగడం, మరుగుదొడ్లు కడగడం.. ఇవే పనులు. 1931 జనాభా లెక్కల నాటికి రంగూన్ నగరంలో సగానికి పైగా భారతీయులే. కానీ అందరూ ఒకేలా లేరు. తమిళ చెట్టియార్లు వడ్డీ వ్యాపారం చేసి వరి భూములకు యజమానులయ్యారు. తెలుగు కూలీలు కిక్కిరిసిన బారకాసుల్లో వంతులవారీగా పడుకున్నారు. ఇద్దరూ ఒకే సముద్రం దాటినవాళ్లే. ఒకరు పెట్టుబడితో వెళ్లారు, ఇంకొకరు మేస్త్రీ ఇచ్చిన అడ్వాన్సుతో వెళ్లారు.

1930 మేలో రంగూన్ రేవులో తెలుగు కూలీలు కూలి పెంచమని సమ్మె చేశారు. ఓడల కంపెనీలు బర్మా కూలీలను పెట్టుకున్నాయి. తీరా రాజీ కుదిరాక బర్మావాళ్లను వెనక్కి పంపేశాయి. అంతే, గొడవ మొదలైంది. వంద మందికి పైగా చనిపోయారు, వాళ్లలో ఎక్కువమంది మన కూలీలే. 1942లో జపాన్ దాడి చేసినప్పుడు డబ్బున్నవాళ్లు ఓడలెక్కారు. లేనివాళ్లు అడవుల గుండా అస్సాం వైపు నడిచారు, దారిలో వేలమంది రాలిపోయారు. విశాఖలో 'బర్మా క్యాంప్' అనే పేరు ఇప్పటికీ ఉంది కదా, బర్మా నుంచి తిరిగొచ్చినవాళ్ల గుర్తే అది.

అదే తెలుగు, అదే రక్తం. రంగూన్‌లో అట్టడుగున, డాలస్‌లో పైమెట్టున. జాతి వల్లే అయితే ఈ రెండూ ఎలా కుదురుతాయి?

పదో తరగతి మార్కుల లిస్టే పాస్‌పోర్టు రకం మార్చేస్తుంది

ఇక కువైట్. కడప, అన్నమయ్య జిల్లాలంత కాకపోయినా ఉదయగిరి, ఆత్మకూరు వైపు నుంచీ వెళ్లేవాళ్లు తక్కువేం కాదు. అక్కడ సుమారు 10 లక్షల మంది భారతీయులున్నారు. ఆ దేశ జనాభాలో సొంత పౌరులు మూడో వంతు కూడా లేరు, మిగతా అంతా బయటివాళ్లే. అయినా ఎన్నేళ్లున్నా పౌరసత్వం రాదు. ముప్పై ఏళ్లు బండి నడిపినా చివరికి తిరిగి రావాల్సిందే.

ఇక్కడ జల్లెడ మన దగ్గరే మొదలవుతుంది. 1983 ఎమిగ్రేషన్ చట్టం ప్రకారం పదో తరగతి పాస్ కాని వాళ్లకు సాధారణంగా ఈసీఆర్ పాస్‌పోర్టు ఇస్తారు. కువైట్ సహా 18 దేశాలకు ఉద్యోగానికి వెళ్లాలంటే వాళ్లకు ప్రభుత్వ అనుమతి తప్పనిసరి. పదో తరగతి పాసైతే ఆ అవసరం లేదు. ఇది కార్మికుడి రక్షణ కోసం పెట్టిన నిబంధన. కానీ చాలామందికి అది అడ్డుగోడలా కనిపిస్తుంది, ఏజెంటు ఆ గోడకి నిచ్చెన వేస్తానంటాడు. విజిట్ వీసా మీద పంపడం, ముందు వేరే గల్ఫ్ దేశానికి పంపి అక్కణ్నుంచి మళ్లించడం.. ఇవన్నీ ఆ నిచ్చెన మెట్లే.

కువైట్‌లో దిగాక ఇంకో జల్లెడ. కంపెనీ వీసాని 'షూన్' అంటారు, అది 18వ నంబరు. ఇంటిపని, డ్రైవర్, వంట లాంటి వాటిది 20వ నంబరు, మనవాళ్ల నోట 'ఖద్దామా' వీసా. 20 నుంచి 18కి మారడం మామూలుగా కుదరదు. 2024లో మాత్రం రెండు నెలల పాటు అవకాశం ఇచ్చారు. ఇంటిపని వాళ్లకు ఆ దేశం 2015లో ప్రత్యేక చట్టం చేసింది. వారానికో సెలవు, రోజుకి 12 గంటలకు మించి పని ఉండకూడదు, యజమాని పాస్‌పోర్టు దగ్గర పెట్టుకోకూడదు అని అందులో రాసి ఉంది. ఆ మరుసటి ఏడాది కనీస జీతం 60 దినార్లు అన్నారు. ఇప్పటి రేటులో మన డబ్బు పదిహేడు వేలకు అటూ ఇటూ. కాగితం మీద చట్టం బాగానే ఉంది. నాలుగు గోడల మధ్య ఉండే ఇంట్లో దాన్ని అమలు చేసేది ఎవరు? అదే అసలు సమస్య.

కుటుంబాన్ని తెచ్చుకోవాలంటే? 2024 జనవరిలో పెట్టిన నిబంధన ప్రకారం నెలకు 800 దినార్ల జీతం ఉండాలి. 60, 80, 120 దినార్లు తెచ్చుకునేవాళ్లకి అది కలలో మాట. అందుకే అమెరికా వెళ్లినవాడి పిల్లలు అమెరికా బడిలో చదువుతారు, కువైట్ వెళ్లినవాడి పిల్లలు అమ్మమ్మ దగ్గర పెరుగుతారు. ఒకరికి సంపాదనతో పాటు స్థానం కూడా మారుతుంది. ఇంకొకరికి డబ్బు మాత్రమే ఊరికొస్తుంది. 2024 జూన్ 12న కువైట్‌లోని మంగాఫ్‌లో కార్మికులుండే భవనం తగలబడి సుమారు 50 మంది చనిపోతే, అందులో 45 మంది మన దేశం వాళ్లే. ముగ్గురు మన రాష్ట్రం వాళ్లు. ఒక్కో గదిలో ఎంతమంది సర్దుకుంటారో అప్పుడు దేశమంతా చూసింది.

కువైట్ డబ్బు తక్కువ చేసి మాట్లాడటం కాదిది. మెట్ట ఊళ్లలో ఆ డబ్బుతోనే అప్పులు తీరాయి, ఆడపిల్లల పెళ్లిళ్లు జరిగాయి, పిల్లలు ఇంజినీరింగ్‌లో చేరారు. తండ్రి 20వ నంబరు వీసా మీద వెళ్తే, కొడుకు హెచ్‌-1బీ మీద వెళ్లిన ఇళ్లూ ఉన్నాయి.

తూర్పు, పడమర.. నీళ్ల లెక్క

ఎవరు ఏ దారి పట్టారో తేల్చింది చాలావరకు నీళ్లే. పెన్న మీద నెల్లూరు ఆనకట్ట, సంగం ఆనకట్ట 19వ శతాబ్దంలోనే కట్టారు. ఆ నీళ్లు ఎక్కువగా పారింది తూర్పు డెల్టాకి. అక్కడ కయ్యలున్న కుటుంబాలకు మిగులు డబ్బు వచ్చింది, మద్రాసు చదువులు అందాయి. 1953 దాకా మనది మద్రాసు రాష్ట్రమే కదా. ఉదయగిరి వైపు మాత్రం వానొస్తే పంట, లేకపోతే వలస. 78 టీఎంసీల సోమశిల కట్టింది అనంతసాగరం మండలంలో, కానీ ముంపులో ఎక్కువ ఊళ్లు పోయింది పక్కనున్న కడప జిల్లాలో.

డ్యామ్ అంటే గుర్తొచ్చింది. పాకిస్తాన్ ఆధీనంలోని మీర్పూర్‌లో 1960ల్లో మంగ్లా డ్యామ్ కట్టినప్పుడు దాదాపు లక్ష మంది నిర్వాసితులయ్యారు. వాళ్లలో చాలామంది ఇంగ్లండ్‌లోని బ్రాడ్‌ఫర్డ్ లాంటి ఊళ్లలో బట్టల మిల్లులకు కూలికి వెళ్లారు. తర్వాత ఆ మిల్లులు మూతపడ్డాయి. 1972లో ఉగాండా నుంచి ఈదీ అమీన్ తరిమేసిన గుజరాతీలు కూడా అదే ఇంగ్లండ్ చేరారు. వాళ్ల ఆస్తులన్నీ పోయాయి కానీ వ్యాపారం తెలుసు, ఇంగ్లీషు వచ్చు. యాభై ఏళ్ల తర్వాత బ్రిటన్ లెక్కల్లో భారతీయులు ఒక మెట్టు మీద, పాకిస్తానీలు ఇంకో మెట్టు మీద కనిపించడానికి ఈ చరిత్ర ఒక పెద్ద కారణం.

ఎక్కడికీ వెళ్లకుండానే పరాయివాళ్లు

ఇప్పుడు అసలు కష్టమైన భాగానికి వద్దాం. అమెరికా, కువైట్ తేడాలన్నీ ఒక ఎత్తు. మన ఊరి చివర కాలనీ ఒక ఎత్తు.

2011 లెక్కల ప్రకారం అప్పటి నెల్లూరు జిల్లా జనాభా 29.63 లక్షలు. అందులో దాదాపు పదో వంతు ఎస్టీలు, వాళ్లలో ఎక్కువమంది యానాదులే. మొత్తం యానాదుల సంఖ్య 5 లక్షలకు పైమాటే. వీళ్లు ఎక్కడి నుంచో వచ్చినవాళ్లు కాదు. ఈ నేల మీద మనకంటే ముందు నుంచీ ఉన్నవాళ్లు. 1835లో శ్రీహరికోట దీవి మద్రాసు ప్రభుత్వం చేతికి వచ్చినప్పుడు అక్కడున్నది యానాదులే. తేనె, మూలికలు, అడవి సరుకు తెచ్చిపెట్టి బదులుగా గింజలు తీసుకునేవాళ్లు. 1969లో ఆ దీవిని రాకెట్ కేంద్రానికి ఎంచుకున్నాక వాళ్లు అక్కణ్నుంచి కదలాల్సి వచ్చింది. ఇప్పుడు రాకెట్ ఎగిరినప్పుడల్లా మనం లైవ్ చూపిస్తాం, మీరు లైక్ కొడతారు. ఆ నేల ఎవరిదో ఒక్కరూ అడగరు.

మరి రిజర్వేషన్ ఉంది కదా, ఇంకా ఎందుకు వెనకబడ్డారు? చాలామంది అడిగే ప్రశ్నే ఇది. సమాధానంలో సగం చట్టంలోనే ఉంది. గిరిజనుల భూమి గిరిజనేతరులు కొనకూడదనే 1/70 చట్టం షెడ్యూల్డ్ ప్రాంతాలకే వర్తిస్తుంది. నెల్లూరు జిల్లాలో షెడ్యూల్డ్ ప్రాంతం లేదు. కాబట్టి అరకులో ఉన్న ఆ రక్షణ ఆత్మకూరులో లేదు. యానాదుల కోసమే నెల్లూరులో ఐటీడీఏ ఉంది, నిజమే. కానీ వీళ్లు ఒక్కచోట గుంపుగా ఉండరు. ఒక్కో ఊరి శివారులో పది ఇళ్లు, ఇరవై ఇళ్లు. సర్పంచ్ ఎన్నికలో కూడా లెక్కలోకి రానంత చిన్న సంఖ్య.

ఇంకో సగం కాగితాల సమస్య. పుట్టుక నమోదు లేదు, కాబట్టి ఆధార్ రాదు. ఆధార్ లేదు, కాబట్టి రేషన్ కార్డు, బడి పథకం, ఉపాధి హామీ జాబ్ కార్డు ఏదీ కదలదు. పుట్టి ఏడాది దాటితే నమోదుకు మెజిస్ట్రేట్ అధికారం ఉన్న రెవెన్యూ అధికారి ఉత్తర్వు కావాలి. గుంటల కాపలాకి వెళ్లిన మనిషి రెండు రోజుల కూలి వదులుకుని ఆఫీసు చుట్టూ తిరగాలి. కువైట్ వెళ్లేవాడికి పాస్‌పోర్టు సమస్య, వీళ్లకి సొంత జిల్లాలోనే గుర్తింపు సమస్య.

అడ్వాన్సు అనేది ఇంకా ప్రమాదకరం. పది వేలో ఇరవై వేలో ముందుగా తీసుకుంటారు. అది తీరేదాకా గుంట దగ్గరో, బట్టీ దగ్గరో, నరుకుడు తోటలోనో ఉండాల్సిందే. లెక్క రాసేది యజమాని, చదవడం రానిది కూలీకి. 1976 నాటి వెట్టిచాకిరీ నిర్మూలన చట్టం ప్రకారం ఇలా అప్పు కింద మనిషిని కట్టిపడేయడం నేరం. విడుదల సర్టిఫికెట్ వస్తే ఆ అప్పు రద్దవుతుంది. 2016 పథకం కింద పునరావాసానికి మగవాళ్లకు లక్ష, మహిళలకు, పిల్లలకు 2 లక్షలు, మరీ ఘోరమైన కేసుల్లో 3 లక్షల రూపాయల దాకా వస్తుంది. ఈ సంగతి తెలియాల్సినవాళ్లకే తెలియదు.

యానాదులకు నైపుణ్యం లేదా అంటే, పాము పట్టడంలో, ఎలుక బొరియ కనిపెట్టడంలో, చేప జాడ చెప్పడంలో వాళ్లని మించినవాళ్లు లేరు. ఎలుకలు పట్టి వాళ్లు కాపాడిన ధాన్యం ఎంతో ఏ రైతుని అడిగినా చెబుతాడు. అయినా అది 'స్కిల్' కింద రాదు. తమిళనాడులో ఇరుళర్ల కథ చూడండి. వాళ్లూ ఇలాంటి తెగే, అవే విద్యలు. 1978లో చెన్నై దగ్గర పాములు పట్టేవాళ్ల సహకార సంఘం పెట్టారు. ప్రభుత్వ లైసెన్సుతో పాముల్ని పట్టి, విషం తీసి, మళ్లీ అడవిలో వదిలేస్తారు. దేశంలో పాముకాటు మందు తయారీకి ఆ విషమే పెద్ద ఆధారం. ఆ తెగకు చెందిన వడివేల్ గోపాల్, మాసి సడయన్‌లకు 2023లో పద్మశ్రీ వచ్చింది. అదే విద్య. ఒకచోట లైసెన్సు, సంఘం, కొనేవాడు ఉన్నారు. ఇంకోచోట లేరు. నెల్లూరు జిల్లా మనిషే అయిన వెన్నెలకంటి రాఘవయ్య యానాదుల కోసం జీవితమంతా పనిచేశారు, 1962లో వాళ్ల మీద పుస్తకం రాశారు, పద్మభూషణ్ కూడా అందుకున్నారు. ఆయన మొదలుపెట్టిన పని మాత్రం సగంలోనే ఆగినట్టుంది.

మనం యజమానులైతే?

ఇంకో ముఖం కూడా ఉంది. ఇప్పుడు మన తీరంలో రొయ్యల ప్రాసెసింగ్ యూనిట్లలో, ఇటుక బట్టీల్లో ఒడిశా నుంచి వచ్చిన కూలీలు కనిపిస్తున్నారు. వాళ్లకి మనం కువైటీల్లాంటి వాళ్లం. భాష రాదు, కరెంటు పోతే ఎవర్ని అడగాలో తెలియదు. 1979 నాటి అంతర్రాష్ట్ర వలస కార్మికుల చట్టం వాళ్లకి బస, ప్రయాణ ఖర్చు ఇవ్వాలని చెబుతూనే వచ్చింది. 'ఒకే దేశం ఒకే రేషన్' వచ్చాక కార్డున్నవాళ్లకి ఇక్కడా బియ్యం తీసుకునే వీలుంది. మన పిల్లలు గల్ఫ్‌లో ఏం అడుగుతున్నారో, వాళ్లు ఇక్కడ అవే అడుగుతున్నారు: టైముకి జీతం, తలుపుకి గడియ, చేతిలో కాగితం.

వెళ్లే ముందు ఇవి చూసుకోండి

గల్ఫ్ వెళ్లే ఆలోచన ఉంటే ముందు ఏజెంటు పేరు కేంద్ర ప్రభుత్వ 'ఈ-మైగ్రేట్' పోర్టల్‌లో ఉందో లేదో చూడండి. రిజిస్టర్డ్ ఏజెంటు సర్వీస్ ఛార్జీ 30 వేల రూపాయలు, దాని మీద జీఎస్టీ.. అంతకుమించి తీసుకోకూడదు. లక్ష, లక్షన్నర అడిగితే అక్కడే అనుమానించాలి. వీసా 18వ నంబరా, 20వ నంబరా అని అడిగి, కాగితం ఫొటో ఇంట్లోవాళ్ల ఫోన్లో ఉంచండి. ప్రవాసీ భారతీయ బీమా యోజన కింద రెండేళ్లకు 275 రూపాయల ప్రీమియంతో 10 లక్షల బీమా వస్తుంది. ఇబ్బంది వస్తే విదేశాంగ శాఖ సహాయ కేంద్రం టోల్ ఫ్రీ నంబర్ 1800 11 3090.

ఊళ్లో యానాది కాలనీ ఉంటే, అక్కడి పిల్లల్లో ఎంతమందికి జనన ధ్రువపత్రం ఉందో సచివాలయంలో అడగొచ్చు. 2023 అక్టోబరు 1 తర్వాత పుట్టిన వాళ్లకు బడిలో చేరడం నుంచి ఓటు దాకా, పాస్‌పోర్టు దాకా అన్నింటికీ ఆ ఒక్క కాగితమే పుట్టినరోజుకి ఆధారం.